పేషీలో మనిషి పోతే

అధ్యక్షుడి కుడిభుజం కుంభకోణంలో కూలిపోతే పాలన మారుతుందా అని అడిగితే, అందరూ నిక్సన్ దగ్గరికే పరిగెడతారు. నేను ఇంకా వెనక్కి, 1958కి వెళ్తాను. ఐసెన్‌హోవర్ కాలం. చరిత్ర పుస్తకాల్లో అదొక కోటు కథ. నాకు మాత్రం ఆ కథలో ఒక మూల నిలబడ్డ నల్లజాతి ఉద్యోగి కనిపిస్తాడు.

ముందు కోటు సంగతి. షెర్మన్ ఆడమ్స్ న్యూ హాంప్‌షైర్ మాజీ గవర్నర్. 1953 నుంచి వైట్‌హౌస్‌లో, మన మాటల్లో చెప్పాలంటే, పేషీ అంతా ఆయనదే. కాగితం మీద "ఓకే, ఎస్.ఏ." అని ఆయన పొడి అక్షరాలు పడితేనే అది అధ్యక్షుడి బల్ల దాకా పోయేది. 1955లో ఐసెన్‌హోవర్‌కి గుండెపోటు వచ్చాక ఆయన బలం ఇంకా పెరిగింది. "ఆడమ్స్ చచ్చిపోతే ఐసెన్‌హోవర్ అధ్యక్షుడైపోతాడేమో!" అని వాషింగ్టన్‌లో జోకులేసుకునేవారు.

ఆ పేషీలోకి 1955 జూలైలో ఇ. ఫ్రెడరిక్ మోరో వచ్చాడు. వైట్‌హౌస్‌లో అధికారి హోదాలో చేరిన మొదటి నల్లజాతి మనిషి. 1952 ఎన్నికల ప్రచారంలో పనిచేశాడు. వైట్‌హౌస్‌లో ఉద్యోగం ఇస్తామంటే సీబీఎస్‌లో ఉన్న ఉద్యోగం వదులుకున్నాడు. తీరా వదిలాక ఆ మాట గాలికి పోయింది. వాణిజ్య శాఖ మీదుగా తిరిగి తిరిగి చివరికి లోపలికొచ్చాడు. వచ్చాక ఏం పని? కారు పార్కింగ్ చోట్లు పంచడం లాంటివి. ఆయన గదికి తెల్ల ఆడవాళ్లు వస్తే ఇద్దరిద్దరుగా వచ్చేవారు, ఎవరూ ఏమీ అనుకోకుండా. ఇది చదువుతున్న మీలో చాలామందికి ఆ గది ఎలా ఉంటుందో నేను వర్ణించక్కర్లేదు.

ఆడమ్స్ ఉన్నప్పుడు మాత్రం అంతా బాగుందా? లేదు. 1958 మేలో నల్లజాతి పత్రికల వాళ్ల సభకి వెళ్లి ఐసెన్‌హోవర్ ఓపిక పట్టమన్నాడు. ఆ మాట అనొద్దని మోరో ముందే చెప్పినా వినలేదు. కానీ మోరో తన మాట మోసుకెళ్లడానికి పైన ఒక గడప ఉండేది. అది ఆడమ్స్ గది.

జూన్‌లో ఆ గడప కదిలింది. బెర్నార్డ్ గోల్డ్‌ఫైన్ అనే బట్టల మిల్లుల యజమాని దగ్గర ఆడమ్స్ ఖరీదైన వికూనా ఉన్ని కోటు తీసుకున్నాడు, ఓరియంటల్ తివాచీ తీసుకున్నాడు, హోటల్ బిల్లులు కట్టించుకున్నాడు. గోల్డ్‌ఫైన్‌కి ప్రభుత్వ సంస్థల్లో చిక్కులొస్తే అక్కడివాళ్లతో మాట్లాడాడు. జూన్ 17న కాంగ్రెస్ కమిటీ ముందు నిలబడ్డాడు. మర్నాడు ఐసెన్‌హోవర్ విలేకరులతో ఒక్క మాట అన్నాడు: "ఆయన నాకు కావాలి." ఇంకో ఐదు రోజులకి, జూన్ 23న, అదే భవనంలోకి మార్టిన్ లూథర్ కింగ్, ఫిలిప్ రాండాల్ఫ్, రాయ్ విల్కిన్స్, లెస్టర్ గ్రాంజర్ వచ్చారు. ఏడాదికి పైగా కింగ్ అడుగుతున్న సమావేశం. తొమ్మిది డిమాండ్ల కాగితం తెచ్చారు. దేశం చూపంతా కోటు మీదుంది.

ఎన్నికలు ముంచుకొచ్చాయి. సొంత పార్టీవాళ్లే ఆడమ్స్‌ని దించమన్నారు. వెళ్లిపొమ్మని ముఖం మీద చెప్పలేక, ఐసెన్‌హోవర్ పార్టీ ఛైర్మన్ మీడ్ ఆల్కార్న్‌తో చెప్పించాడు. సెప్టెంబరు 22న రాజీనామా. మరుసటి ఏడాది విదేశాంగ మంత్రి డల్లెస్ కూడా క్యాన్సర్‌తో పోయాక, పెద్దాయన అన్నీ తానే చూసుకున్నాడనీ, దేశాలు తిరిగాడనీ (1959 డిసెంబరులో ఢిల్లీకి వచ్చింది అప్పుడే) కొందరు మెచ్చుకుంటారు. నిజమే కావచ్చు. అది పైనుంచి కనిపించే మార్పు.

కింది నుంచి చూడండి. ఆడమ్స్ కుర్చీలోకి అలబామా మనిషి విల్టన్ పర్సన్స్ వచ్చాడు. పౌరహక్కుల విషయం మా ఇంట్లోనే చిచ్చు పెట్టింది, దాని గురించి నా దగ్గరికి ఎప్పుడూ రావద్దు అని ఆయన తనతో చెప్పాడని మోరో తన పుస్తకంలో రాసుకున్నాడు. కోటు తీసుకున్నది ఒకరు, తలుపు మూసుకుపోయింది ఇంకొకరికి. 1960లో పౌరహక్కుల చట్టం వచ్చింది కదా అంటారు. వచ్చింది, న్యాయశాఖ దారిలో. దానికి పేషీలో ఎవరి దయా అక్కర్లేకపోయింది. మోరోకి ఆ దారి లేదు.

ఇదే పర్సన్స్ హయాంలో, 1959 జనవరిలో, మోరో చేత అధికారికంగా ప్రమాణం చేయించారు. ఉద్యోగంలో చేరిన మూడున్నరేళ్లకి.