మంచు మీది మరక

ధ్రువయాత్రల కథలు చదివేవాళ్ళకి నార్డెన్‌షోల్డ్ పేరు తెలిసే ఉంటుంది. 1878-79లో 'వేగా' ఓడలో ఐరోపా, ఆసియాల ఉత్తరపు అంచు వెంబడి పసిఫిక్ చేరినవాడు. నాకు మాత్రం ఆ ఓడ కంటే, అంతకు ఎనిమిదేళ్ళ ముందు ఆయన చేసిన ఓ నడకే పెద్దదనిపిస్తుంది.

1870 జూలైలో స్వెన్ బెర్గ్రెన్ అనే వృక్షశాస్త్రవేత్తతో, ఇద్దరు గ్రీన్‌లాండ్ వాసులతో కలిసి లోపలి మంచు మీదికి ఎక్కాడు. ఆ ఇద్దరూ మధ్యలోనే వెనక్కి తిరిగారు. (తెలివైనవాళ్ళు!) మిగిలినవాళ్ళకి అక్కడ కనిపించింది మురికి. గడ్డకట్టిన మంచులో సన్నటి గుంటలు, వాటి అడుగున బూడిదరంగు మట్టి. నార్డెన్‌షోల్డ్ దానికి 'క్రయోకొనైట్' అని పేరు పెట్టాడు, అంటే మంచుధూళి. అందులో కొంత ఆకాశం నుంచి రాలిందని నమ్మాడు. నిజానికి ఆ వాటా బహు స్వల్పం.

బెర్గ్రెన్ చూపు ఆ గోధుమ-ఊదా రంగు మీద పడింది. సూక్ష్మదర్శిని కింద అది ప్రాణమున్న మొక్క: వరసగా అతుక్కున్న కణాల చిన్న పోగులు. అదే ఆన్సిలోనీమా నార్డెన్‌షోల్డియై. 1818లో జాన్ రాస్ గ్రీన్‌లాండ్ తీరాన చూసిన ఎర్రమంచు వేరు, ఇది వేరు. తెలుగులో రెంటినీ మంచు అనేస్తాం గానీ, అది పొడిమంచులో బతుకుతుంది, ఇది రాయిలాంటి హిమానీనదపు గడ్డ మీద.

ఆ ముదురు రంగు కణానికి గొడుగు. వేసవిలో రాత్రీపగలూ కాసే ఎండని అదే పీల్చుకుంటుంది, ఆ వేడికి చుట్టూ మంచు కరిగి నీరవుతుంది. ఈ మొక్క మంచుని కరిగిస్తోందని నార్డెన్‌షోల్డ్ అప్పుడే రాశాడు. ఒకప్పుడు ఐరోపాని కప్పిన మంచు పోవడంలోనూ ఇలాంటి దాని చెయ్యి ఉండొచ్చన్నాడు. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే బగ్ రిపోర్ట్ ఫైల్ చేశాడు. అది శతాబ్దానికి పైగా ఓపెన్‌గానే ఉండిపోయింది. మంచు కరుగుదల లెక్కల్లో ఎండ, గాలి, ధూళి ఉండేవి, మొక్క ఉండేది కాదు. 2020లో వచ్చిన ఒక అధ్యయనం నైరుతి గ్రీన్‌లాండ్ కరుగునీటిలో దాదాపు పదో వంతు ఈ శైవలాల పని అని అంచనా కట్టింది.

ఇంకో సంగతి. నేల మీది మొక్కలన్నిటికీ అతి దగ్గరి చుట్టాలైన శైవలాల వర్గం దీనిది. మన వరికీ వేపకీ దూరపు బంధువన్నమాట.

పేరు నార్డెన్‌షోల్డ్‌కి పోయింది. బెర్గ్రెన్ పేరు మంచు మీదే బతికే మరో శైవలానికి దక్కింది: మెసొటీనియం బెర్గ్రెనై.