దంతేశ్వరి ముంగిట ప్రజాస్వామ్యము

శబరీతీరమున నున్న సుక్మా ఒకనాడు బస్తరు సంస్థానములోని జమీందారీ. ఆ సంస్థానమునకు మూలము తెలుగునాట గలదు. 1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు అడవులు దాటి వచ్చి ఈ రాజ్యమును స్థాపించెననియు, దంతేశ్వరీదేవి అతని వెంట వచ్చెననియు ఐతిహ్యము. నాటినుండి బస్తరు రాజు ఏలిక మాత్రమే కాడు. దేవికి ప్రథమార్చకుడు కూడ.

ఈ ద్వంద్వాధికారము రాజునకు పెట్టనికోట యయ్యెను. 1876లో మురియాలును, 1910 భూంకాల్ ఉద్యమమున గుండాధుర్ నాయకత్వమున ఆదివాసులును తిరుగబడిరి. వెట్టిచాకిరి, అడవులపై ఆంక్షలు వారిని రేపినవి. అయినను వారి ఆగ్రహము ప్రధానముగా దివానులపైనను, ఉద్యోగులపైనను ప్రసరించినదే కాని అర్చకరాజుపై కాదు.

1948లో బస్తరు భారతదేశమున విలీనమయ్యెను. సింహాసనము పోయెను గాని అర్చకత్వము పోలేదు. ప్రవీరచంద్ర భంజదేవ్ 1957లో కాంగ్రెసు పక్షమున శాసనసభకు ఎన్నికై, అనంతరము ప్రభుత్వముతో విభేదించెను. 1961 ఫిబ్రవరిలో ప్రభుత్వము అతనిని నిర్బంధించి, రాజుగా అతనికి గల గుర్తింపును తమ్మునకు మార్చెను. మార్చి 31న లోహండిగూడలో నిరసించిన ఆదివాసులపై కాల్పులు జరిగినవి. 1966 మార్చి 25న జగదల్పూరు రాజప్రాసాదముననే పోలీసు తూటాలకు ప్రవీరచంద్రుడును, పలువురు ఆదివాసులును బలియైరి.

ఒక గుర్తింపు పత్రమును రద్దుచేసినంత మాత్రమున విశ్వాసము రద్దు కాదు. బస్తరు గుడిసెలలో దేవి పటము ప్రక్కన అతని పటము నిలిచెను. అడవి, భూమి, ధాన్యము గూర్చిన మొరలు కచేరీలలో వినువారు లేకపోగా ప్రజలు పూజారి వాకిట నిలిచిరి. అర్చకుని అధికారమునకు భక్తి ఎంత ఊతమో, ప్రభుత్వపు చెవుడు కూడ అంతే ఊతము.

అయితే రాజు వినుట ఆయన దయ. ప్రజలకది హక్కు కాదు. 1876 తిరుగుబాటు అనంతరము దసరా వేడుకలలో నెలకొన్న మురియా దర్బారు నేటికిని జరుగుచున్నది. నేడు అందు ముఖ్యమంత్రులు, మంత్రులు మొరలాలకింతురు. వేదికపై మనుషులు మారిరి. విన్నపము చేతబట్టి నిలిచినవాని స్థానము మారవలసియున్నది.

ఆ మార్పునకై 1996లో పార్లమెంటు షెడ్యూల్డు ప్రాంతముల గ్రామసభలకు అధికారము లిచ్చు చట్టము చేసెను. ఛత్తీస్‌గఢ్ తన నియమావళిని ప్రకటించినది 2022లో. నడుమ ఇరువదియారేండ్లు గడచెను. సుక్మాలోని ఒక పల్లె తన అడవిని గూర్చి తానే తీర్మానించి, ఆ తీర్మానము చెల్లుబాటు కాగలిగిన నాడు, దంతేశ్వరికి మ్రొక్కు యథాతథముగా నుండును. న్యాయమునకై మాత్రము ఎవ్వరును అర్చకుని వాకిట నిలువ నక్కరలేదు.