కూచిపూడి ఆటకు సగం ప్రాణం మేళం

చల్లపల్లి నుంచి పామర్రు వైపు బస్సెక్కితే దారిలోనే కూచిపూడి తగులుతుంది. ఆ ఊరి పేరు చెప్పగానే సత్యభామ జడ, పళ్లెం మీద పాదాలు గుర్తొస్తాయి. వెనక నిలబడి వాయించినవాళ్లను తలిచేవాళ్లు తక్కువ. ఆ ఆటకు సగం ప్రాణం వాళ్లే.

సత్యభామ కథైన భామాకలాపాన్ని 17వ శతాబ్దంలో సిద్ధేంద్రయోగి ఇక్కడి కుటుంబాలకు నేర్పాడని పరంపరగా చెప్పుకుంటారు. ఊరూరా తిరిగే భాగవతులకు వేదిక అంటే గుడి ముంగిలి, నాలుగు కాగడాలు. ఇద్దరు తెర పట్టుకుంటే సత్యభామ దాని మీదుగా జడ వేసి, ప్రవేశ దరువు అందుకునేది. వేషధారే ఆడాలి, తనే పాడాలి. మృదంగం నడుముకు కట్టుకున్న మనిషి నిలబడే వాయించేవాడు. హంగుదార్లు వెనక నుంచి వంత అందించేవారు. సూత్రధారుడు చేత తాళాలు పట్టి లయ నడుపుతూనే చెలికత్తె మాధవిగా మారి భామతో మాటకు మాట అనేవాడు. ఆడేవాళ్లకూ వాయించేవాళ్లకూ మధ్య గీత ఉండేది కాదు.

ఆ గీత మద్రాసులో పడింది. కూచిపూడిలో పుట్టిన వెంపటి చినసత్యం 1963లో అక్కడ కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. ఎస్.వి. భుజంగరాయశర్మ రచన, పట్రాయని సంగీతరావు బాణీలు ఆయన నృత్యనాటకాలకు కొత్త రూపు తెచ్చాయి. సంగీతరావు సినిమాల్లో ఘంటసాలకు సహాయకుడిగా ఏళ్ల తరబడి హార్మోనియం వాయించినవారు. పాట పక్కన కూర్చున్న గాయకుల చేతికి వెళ్లింది. అడుగు చక్కబడింది, సంగీతం నిండుగా వచ్చింది. నర్తకి గొంతు మాత్రం మూగబోయింది. ఆ లోటు నాకు ఇప్పటికీ పెద్దదే.

పళ్లెం మీద ఆడే తరంగంలో ఆ పాత చనువు ఇంకా కనిపిస్తుంది. నర్తకి ఇత్తడి పళ్లెం అంచును కాలివేళ్లతో పట్టి ఓ జతి వేస్తే, మృదంగం దాన్నే తిరిగి పలుకుతుంది. నట్టువాంగం తీర్మానం చెప్పేదాకా ఆ పోటీ ఆగదు.

అమెరికా నల్లజాతి కళాకారులకూ ఈ పోటీ కొత్త కాదు. 1965లో శాన్‌ఫ్రాన్సిస్కో గ్రేస్ కెథడ్రల్‌లో డ్యూక్ ఎలింగ్టన్ జాజ్ బృందం వాయిస్తుంటే ట్యాప్ నర్తకుడు బన్నీ బ్రిగ్స్ బూట్లతోనే తాళం వేస్తూ ఆడాడు. 1958లో ఆల్విన్ ఏలీ స్థాపించిన నృత్యసంస్థ ఆడే 1974 నాటి ‘నైట్ క్రీచర్’ నృత్యం కూడా ఎలింగ్టన్ సంగీతం మీదే పుట్టింది.

ఇప్పుడు మన సభల్లో ఖర్చుకు జడిసి మేళం బదులు రికార్డు పెట్టేస్తున్నారు. వాయించేవాళ్ల విమాన టికెట్ల లెక్కలు చూస్తే నిర్వాహకుల ఇబ్బంది అర్థమవుతుంది. కానీ భామ అలక ఆ రాత్రి ఇంకాస్త సాగితే గాయకుడు అదే పల్లవిని మళ్లీ ఎత్తుకోగలడు. రికార్డులో అది ఎన్నిసార్లు తిరగాలో స్టూడియోలోనే ఖాయమైపోయి ఉంటుంది.