ఊరివాడికి పాసు, పొరుగూరివాడికి బ్లాకు

భద్రాచలంలో రాములవారి పెళ్లి జరిగే చోటు పేరు మిథిలా స్టేడియం. అమ్మవారి పుట్టింటి పేరు పక్కన ఆటస్థలం పేరు తగిలించారేమిటని కొత్తవాళ్లు ముక్కున వేలేసుకుంటారు గాని, లోపలికి వెళ్లి చూస్తే అది స్టేడియమే. రాతి కల్యాణ మండపం, దాన్ని చూస్తూ మెట్లు మెట్లుగా గ్యాలరీ, విడగొట్టిన సెక్టార్లు, సెక్టారుకో దారి, దారికో పోలీసు. 2023లో ఇద్దరు కూర్చునే ఉభయదాతల టికెట్టు 7,500 రూపాయలు. అక్కణ్నుంచి 2,500, 2,000, 1,000, 300 చొప్పున దిగుతూ ఆఖరికి 150 దగ్గర ఆగింది. ఆన్‌లైన్‌లో కొన్నంత మాత్రాన సరిపోదు. గుర్తింపు కార్డు అసలుది చూపించి, కౌంటర్లో అసలు టికెట్టు తీసుకోవాలి. దేవుడి పెళ్లికి ఆధార్ ఏమిటని పెద్దవాళ్లు విసుక్కుంటారు. ఆ ఆధార్ వెనక నూట డెబ్బై ఏళ్ల కథ ఉంది. అది మొదలైంది గోదావరి ఒడ్డున కాదు, అమెరికాలో.

1850లో స్వీడన్ గాయని జెన్నీ లిండ్ న్యూయార్క్ వచ్చింది. ఆమెను రప్పించిన బార్నమ్ గొప్ప గారడీ వ్యాపారి. టికెట్లకు ధర కట్టకుండా వేలం వేశాడు. మొదటి టికెట్టును జెనిన్ అనే టోపీల వ్యాపారి 225 డాలర్లకు పాడుకున్నాడు. పాట మీద మోజుతో కాదు, మర్నాడు పేపర్లో పేరు పడుతుందని, టోపీలు అమ్ముడవుతాయని. ఒక సీటుకు దాని అచ్చు ధరతో పనిలేకుండా, కావాలనుకున్నవాడు ఇవ్వగలిగినంత ధర ఉంటుందని జనానికి బాహాటంగా తెలిసింది అప్పుడే. తెలిశాక ఊరుకునేదెవరు? 1867 చివర్లో ఛార్లెస్ డికెన్స్ తన పుస్తకాలు చదివి వినిపించడానికి వచ్చేసరికి దళారులు తయారుగా ఉన్నారు. టికెట్టు రెండు డాలర్లు. కూలికి మనుషుల్ని పెట్టి తెల్లవార్లూ వరసలో నిలబెట్టారు. బ్రూక్లిన్‌లో జనం పరుపులు తెచ్చుకుని, నడివీధిలో నెగళ్లు వేసుకుని పడుకున్నారు. కౌంటరు తెరిచీ తెరవగానే దళారులు కట్టలు కట్టలుగా కొనేసి, అక్కడే గుమ్మం పక్కన నాలుగింతలకు అమ్మారు. పత్రికలు మాత్రం దళారుల్ని వదిలేసి డికెన్స్‌నీ, ఆయన మేనేజర్నీ తిట్టిపోశాయి.

అమెరికా రైల్వేది ఇంకో దారి. దూరప్రయాణం టికెట్టు మైలు లెక్కన చవగ్గా పడేది. దాంతో కొందరు చివరి స్టేషన్‌ దాకా కొని, మధ్యలో దిగిపోయి, మిగిలిన ముక్కను స్టేషన్ బయట బ్రోకరుకు అమ్మేసేవారు. వాడిన టికెట్టులోనూ వాడని భాగం ఉంటుందని కనిపెట్టిన బుర్రలవి. ఆ బ్రోకర్లే తర్వాత నాటకశాలలకూ, ఆటస్థలాలకూ చేరారు.

కాలేజీ ఆటల్ని పుట్టించింది కూడా ఓ రకంగా రైలే. అమెరికాలో రెండు కాలేజీల మధ్య జరిగిన తొలి పోటీ పడవ పందెం. 1852 ఆగస్టు 3న న్యూహాంప్‌షైర్‌లోని విన్నిపెసాకీ సరస్సులో హార్వర్డ్, యేల్ కుర్రాళ్లు తెడ్లు వేశారు. వాళ్ల ఖర్చంతా భరించింది ఒక రైల్వే కంపెనీ. కుర్రాళ్ల మీద ప్రేమతో కాదు. ఆ సరస్సుకు కొత్తగా రైలు వేశారు, ఎక్కేవాళ్లు కావాలి. పందెం పెడితే చూడటానికి జనం వస్తారు, వచ్చినవాళ్లు టికెట్టు కొంటారు. అంటే పొరుగూరి అభిమాని అనేవాడు ఆటతోపాటే పుట్టాడు. ఆట ఎవరిదైనా లాభం అతని ప్రయాణంలో ఉంది. 1875లో అవే కాలేజీలు మొదటిసారి ఫుట్‌బాల్ ఆడినప్పుడు టికెట్టు యాభై సెంట్లు, జనం రెండు వేల దాకా. హార్వర్డ్ నుంచి రైలెక్కి వచ్చిన కుర్రాళ్లలో ఏడుగురు ఆ రాత్రి వీధుల్లో పాటలు పాడుతూ గోల చేసి జరిమానా కట్టారు.

ఇప్పుడు మిషిగన్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ స్టేడియంలో 1,07,601 మంది కూర్చుంటారు. ఖమ్మం పట్టణం నుంచి మూడో వంతు జనాన్ని తెచ్చి కూర్చోబెట్టవచ్చు. ఇలాంటి చోట్ల విద్యార్థికి టికెట్టు చవగ్గా ఇస్తారు, పూర్వ విద్యార్థికి సీటు ఖాయం చేస్తారు, ఎదుటి జట్టు కాలేజీకి ఓ మూల కొన్ని సీట్లు పడేస్తారు. ఆ మూలలో చోటు దొరకని పొరుగూరివాడు ఎవరిని అడగాలి? పరీక్ష ఉందనో, చలిగా ఉందనో మానుకున్న విద్యార్థిని. 2000లో స్టాన్‌ఫర్డ్‌లో చదివిన ఇద్దరు ఈ చేతుల మార్పిడినే స్టబ్‌హబ్ అనే కంపెనీగా మార్చారు. ఏడేళ్లకు ఈబే దాన్ని 31 కోట్ల డాలర్లకు కొంది. విద్యార్థి టికెట్టు బయటివాడికి పోకుండా గేటు దగ్గర విద్యార్థి కార్డు చూడటం, బయటివాడికి ఇవ్వాలంటే తేడా డబ్బు కట్టమనడం చాలా యూనివర్సిటీలు పెట్టుకున్నాయి. ఎం.ఎస్‌.కు వెళ్లిన మన పిల్లలు ఆ ఆట రూల్సు తెలుసుకునేలోపే ఈ రూల్సు తెలుసుకుంటారు.

మన దగ్గర కాలేజీ ఆటలకు టికెట్టు లేదు. ఖమ్మం కాలేజీలవాళ్లు కాకతీయ యూనివర్సిటీ పోటీలకు వెళ్తే చూసేవాళ్లు ఉంటే చాలనుకునే పరిస్థితి. ఊళ్లలో సంక్రాంతికి కబడ్డీ, వాలీబాల్ పోటీలు పెడతారు. అక్కడ లెక్కే తిరగేసి ఉంటుంది. ఎంట్రీ ఫీజు కట్టేది ఆడేవాడు, చూసేవాడు కాదు. చూసేవాడు గోడెక్కి కూర్చుంటాడు, నచ్చితే రైడరు చొక్కాకు వంద నోటు గుచ్చుతాడు. ఈ పద్ధతిలో దళారికి బేరం లేదు. అతను బతకాలంటే గోడ ఉండాలి, గోడకు గేటు ఉండాలి.

ఆ గోడ మనకు సినిమా హాలు రూపంలో వచ్చింది. నేల, బెంచి, కుర్చీ, బాల్కనీ. కౌంటరు అనడమే గాని అది గోడలో పిడికిలి పట్టేంత కన్నం. ఒక చేయి లోపల ఉండగానే ఇంకో మూడు చేతులు దూరేవి. చిల్లర లోపలివాడి చేతిలో పడిందో లేదో తెలియదు. టికెట్టు గుప్పిట్లో బిగించి చేయి వెనక్కి లాగేసరికి మణికట్టు దగ్గర చర్మం లేచిపోయేది. చిరిగిన చొక్కాతో లోపలికి పోవడం హీరో మీద అభిమానానికి గుర్తు. హౌస్‌ఫుల్ బోర్డు వేలాడగానే సోడా బండి పక్కనుంచి ఓ మనిషి వచ్చేవాడు. పెదవి కదలకుండా, ఎవరినీ చూడకుండా, “పది ఇరవై, పది ఇరవై” అని గొణుక్కుంటూ పోయేవాడు. పది రూపాయల టికెట్టు ఇరవైకి అన్నమాట. అతని చేతికి ఆ కట్ట ఎలా వచ్చిందని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. కన్నం వెనక కూర్చున్నవాడు ఇవ్వకపోతే అతనికి ఎక్కడిది?

ఆ ఇరవై ఇచ్చి కొనేదెవరో కాస్త పట్టించుకుని చూస్తే తెలుస్తుంది. హాలున్న వీధిలోవాడు కొనడు. ఇవాళ కాకపోతే రేపు చూస్తాడు, గేట్‌కీపరు తెలిసినవాడైతే ఆటకు అరగంట ఆలస్యంగా వచ్చి ఊరికే లోపలికి పోతాడు. భద్రాచలం హాల్లో అయితే కొనేది దుమ్ముగూడెం, చర్ల, వెంకటాపురం వైపు నుంచి బస్సెక్కి వచ్చినవాడు. అతనికి ఆఖరి బస్సు ఉంది. రెండో ఆటకు ఉంటే రాత్రి బస్టాండే గతి. పెళ్లాం పిల్లల్ని వెంటపెట్టుకొచ్చి చూడకుండా తిరిగిపోలేడు. బ్లాకు ధర అనేది సినిమాకు కట్టే ధర కాదు, వెనక్కి పోలేనితనానికి కట్టే ధర. దళారి ఎప్పుడూ చూసేది మనిషి చేతిలోని సంచినే.

క్రికెట్‌లో ఇది పెద్ద స్థాయికి పోయింది. 2022 సెప్టెంబరు 25న ఉప్పల్‌లో భారత్, ఆస్ట్రేలియా టీ20. మూడు రోజుల ముందు సికింద్రాబాద్ జింఖానా మైదానంలో టికెట్లు అమ్ముతామనగానే వేలమంది వచ్చిపడ్డారు. తొక్కిసలాట జరిగింది, చాలామంది దెబ్బలు తిన్నారు. టికెట్లన్నీ ఎక్కడికి పోయాయన్న గొడవ చాలా రోజులు నడిచింది. ఎక్కడికి పోతాయో 2025 ఐపీఎల్‌లో కొంత బయటపడింది. ఒప్పందం ప్రకారం 3,900 ఉచిత పాసులు ఇస్తున్నా ఇంకా కావాలని వేధిస్తున్నారని, ఓ మ్యాచ్ రోజు కార్పొరేట్ బాక్సుకు తాళం కూడా వేశారని హైదరాబాద్ క్రికెట్ అసోసియేషన్ మీద సన్‌రైజర్స్ ఫిర్యాదు చేసింది. అసోసియేషన్ కాదంది. ప్రభుత్వం విజిలెన్స్ విచారణకు ఆదేశించింది. ఆ తగవులో తప్పెవరిదైనా, ఒక్క సంగతి నాకు ఖాయంగా కనిపిస్తుంది. బ్లాకుకు పెద్దన్న పాసు. హోదా ఉన్నవాడికి ఎన్ని సీట్లు ఊరికే పోతే, మిగిలిన సీట్లకు ధర అంత పెరుగుతుంది. పోలీసులు పట్టుకునేది మాత్రం నాలుగు టికెట్లు జేబులో పెట్టుకున్న కుర్రాణ్ని.

మళ్లీ భద్రాచలం వద్దాం. ఇక్కడికి పొరుగువాడు రావడం స్టేడియం కట్టాక మొదలైన సంగతి కాదు, ఎల్ల దాటి రావడం ఈ క్షేత్రానికి అలవాటే. నేలకొండపల్లి గోపన్న తానీషా కొలువులో తహశీల్దారై ఖజానా సొమ్ముతో గుడి కట్టించడం, జైలుపాలవడం అందరికీ తెలిసిందే. పాలకుడి తరఫున ముత్యాల తలంబ్రాలు పంపే ఆనవాయితీని తానీషా దగ్గర్నుంచే చెబుతారు. 1860లో నిజాం గోదావరి ఎడమ ఒడ్డును ఇంగ్లీషువాళ్లకు వదులుకున్నాడు. ఊరు వాళ్ల ఏలుబడిలోకి పోయింది, గుడికి మాత్రం నిజాం సర్కారు సొమ్ము వస్తూనే ఉంది. హైదరాబాద్ రాజ్యంలోని భక్తుడు ఏరు దాటితే పరాయి రాజ్యంలో అడుగుపెట్టినట్టే. తెలుగువాళ్లందరికీ ఒకే రాష్ట్రం వచ్చాక కూడా భద్రాచలం తూర్పు గోదావరి జిల్లాలో ఉండి, 1959లో ఖమ్మంలో కలిసింది. 1965లో వంతెన వచ్చేదాకా నావలు, లాంచీలే దిక్కు. రైలు ఇప్పటికీ రాలేదు. ‘భద్రాచలం రోడ్’ అని బోర్డున్న స్టేషన్లో దిగితే అది కొత్తగూడెం, అక్కణ్నుంచి నలభై కిలోమీటర్లు బస్సు.

2014లో మళ్లీ గీత గీశారు. పోలవరం ముంపు పేరుతో ఏడు మండలాల ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌కు పోయింది, భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది. ఊరి పొలిమేరలోని ఎటపాక, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, గుండాల, పిచ్చుకలపాడు అటు పోయాయి. పురుషోత్తపట్నంలో ఉన్న గుడి భూములూ అటే. ఎటపాకవాడు ఆటోలో పది నిమిషాల్లో గుడికి వస్తాడు, కాని పక్క రాష్ట్రం నుంచి వచ్చినట్టు లెక్క. అటు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2015 నుంచి తన లాంఛనాలతో కల్యాణాన్ని ఒంటిమిట్టలో చేయిస్తోంది, పున్నమి వెన్నెల్లో, రాత్రిపూట. అయినా ఆంధ్రా భక్తులు ఇక్కడికి రావడం మానలేదు. కోరుకొండ నుంచి వచ్చేవాళ్లు గోళ్లతో వడ్లు ఒలిచిన తలంబ్రాల బియ్యం మోసుకొస్తారు. రోకలి తగలకూడదు, గింజ విరగకూడదు. నెలల తరబడి ఒక్కో గింజా ఒలిచినవాళ్ల చేతుల్ని చూశాక 7,500 టికెట్టు అంత పెద్దదిగా అనిపించదు.

కల్యాణంతో చిక్కేమిటంటే దానికి రెండో ఆట లేదు. చైత్రశుద్ధ నవమి మధ్యాహ్నం అభిజిత్ లగ్నం, జీలకర్రా బెల్లం ఒక్కసారే. ఆఖరి బస్సు ఉన్నవాడికీ లేనివాడికీ అదొక్కటే ముహూర్తం. సీటుకు ఇంత కరువున్న చోట టికెట్టు మీద పేరు లేకపోతే ఏమవుతుందో డికెన్స్ కాలం నుంచీ చూస్తున్నదే. అందుకే ఆధార్. పేరున్న టికెట్టు చేతులు మారదు. పాసు మీద అంత పట్టింపు ఉందా అంటే చెప్పలేను. ముందు వరసలు నిండే తీరు టీవీలో చూసేవాళ్లకు తెలుసు.

2020, 2021ల్లో కరోనా వల్ల భక్తులు లేకుండా ఆలయంలోని నిత్యకల్యాణ మండపంలోనే పెళ్లి జరిపించారు. మరుసటి ఏడాది స్టేడియం తలుపులు తెరిచారు, ఆర్టీసీ కూడా రంగంలోకి దిగింది. డబ్బు కడితే కల్యాణ తలంబ్రాలు కార్గోలో ఇంటికి పంపుతామంది. 2022లో పొట్లం 80 రూపాయలు, 2023లో 116, 2024లో 151. పడవ పందెం పెట్టిన రైలు కంపెనీ జనాన్ని సరస్సు దగ్గరికి మోసింది, మన బస్సు కంపెనీ పెళ్లినే జనం ఇంటికి మోస్తోంది. రాలేనివాళ్ల గోత్రనామాలతో జరిపే పరోక్ష సేవ కూడా దేవస్థానం అమ్ముతుంది.

రాగలిగి, పాసూ లేక, నవమి టికెట్టూ దొరకనివాళ్లకు తెలిసినవాళ్లు చెప్పే దారి ఒకటుంది. మర్నాడు దశమినాడు అదే మిథిలా స్టేడియంలో, అదే మండపంలో పట్టాభిషేకం జరుగుతుంది. జనం అప్పటికి పలచబడతారు. ముందురోజు ఉక్కపోతలో మూడో సెక్టారు నుంచి మెడ సాచి చూసినవాడు ఆ రోజు కాళ్లు చాపుకుని కూర్చోవచ్చు, టికెట్టు ధర కూడా బాగా తక్కువ.