అక్కయ్య ఇంట్లో బోరు

"అక్కయ్య వాళ్ళు బోరు వేయిస్తున్నారటే" అని అమ్మ ఫోన్లో చెబితే నవ్వొచ్చింది నాకు. అక్కయ్య వాళ్ళుండేది స్వీడన్‌లో, స్టాక్‌హోమ్‌కి దగ్గర్లో. ఎటు చూసినా సరస్సులే. అలాంటి చోట బోరెందుకు?

అమ్మ మాత్రం నవ్వలేదు. "నీళ్ళకి కాదట, వేడికట. అది సరే, బోరు వేయించుకున్న వాళ్ళు ఇంక తిరిగొస్తారంటావా?" అంది.

మాది ఒంగోలు వైపు మెట్ట. బోరంటే ఏమిటో మాకు తెలుసు. కొబ్బరికాయ కొట్టి, దణ్ణం పెట్టుకుని, యంత్రం మోత వింటూ పొలం గట్టున రోజంతా పస్తు కూర్చోవడం. మా నాన్న మూడు వేయిస్తే రెండు దుమ్మే లేచాయి. అందుకని మా ఇళ్ళలో బోరు వేయించడమంటే ఆ నేలని నమ్ముకున్నామని చెప్పడం. అమ్మ బెంగ అదీ.

గత అక్టోబరులో నేను అక్కయ్య దగ్గరికి వెళ్ళేసరికి బోరు యంత్రం ఇంకా రాలేదు. వాళ్ళ ఇంట్లో కరెంటు బాయిలరుంది. అది నీళ్ళు కాచి గోడలకున్న రేడియేటర్లలోకి పంపుతుంది. 2022 శీతాకాలం బిల్లులు చూశాక బావగారి ముఖంలో నెత్తురు చుక్క లేదట. అప్పట్నించీ ఆయన ఈ నేల వేడి గురించి చదవని పుస్తకం లేదు. నేను కనబడగానే పాఠం మొదలు పెట్టారు.

"నూతి నీళ్ళు చలికాలంలో ఎలా ఉంటాయి మరదలా?" అన్నారు.

"గోరువెచ్చగా."

"రోహిణీ కార్తెలో?"

"చల్లగా."

"నీళ్ళు మారవు. మారేది పైన గాలి. అంతే కిటుకు!"

సంక్రాంతి నెలలో తెల్లవారుజామున మా నాయనమ్మ నూతి దగ్గర నెత్తిన చేద గుమ్మరించుకుంటుంటే లేచే ఆవిరి నాకు గుర్తొచ్చింది. ఆవిడకి తెలిసిన సంగతే పారిస్ నక్షత్రశాలలో పెద్దవాళ్ళకీ తట్టింది. అక్కడ నేలకి 28 మీటర్ల దిగువన నేలమాళిగలున్నాయి. ఎండాకాలమైనా, మంచు కురుస్తున్నా అక్కడి చల్లదనం మారడం లేదని గమనించి 1783లో రసాయన శాస్త్రవేత్త లావోయిజర్ చేయించిన ఉష్ణమాపకాన్ని అక్కడ పెట్టారు. ఏడాది పొడుగునా దాదాపు 12 డిగ్రీల దగ్గరే ఉండేదది.

సరే, 12 డిగ్రీల నేలతో ఇల్లు వెచ్చబడుతుందా అని మీరడగొచ్చు. నేనూ అడిగాను. అక్కయ్య నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళి ఫ్రిజ్ వెనక చెయ్యి పెట్టి చూడమంది. వేడిగా ఉంది. లోపలి కూరల్లోంచి లాగిన వేడిని ఫ్రిజ్ అలా వెనక్కి తోసేస్తుందన్నమాట. ఆ కూరల గిన్నె స్థానంలో భూమిని ఊహించుకోండి. భూమిలోంచి లాగిన వేడిని ఇంట్లోకి తోసే యంత్రమే ఈ హీట్ పంపు. ఒక యూనిట్ కరెంటు ఖర్చు పెడితే సుమారు మూడు యూనిట్ల వేడి చేతికొస్తుంది. తక్కిన రెండూ నేల ఇచ్చే కానుక.

ఈ ఉపాయం నిన్నా మొన్నా పుట్టింది కాదు. 1852లో, తరవాత లార్డ్ కెల్విన్ అని పేరుపడ్డ విలియం థామ్సన్, గ్లాస్గోలో కూర్చుని లెక్కకట్టి చూపించాడు. బొగ్గుని తిన్నగా పొయ్యిలో తగలెయ్యడం కన్నా, దానితో ఒక యంత్రం తిప్పి బయటి గాలిలోంచి వేడి లాక్కుంటే తక్కువ బొగ్గుతో ఇల్లు వెచ్చబడుతుందన్నాడు. అప్పటికి ఆయనకింకా ముప్ఫై ఏళ్ళు కూడా లేవు. మరి నాలుగైదేళ్ళకే ఆస్ట్రియాలో రిట్టింగర్ అనే ఇంజనీరు ఇలాంటి సూత్రంతోనే ఉప్పునీళ్ళు మరిగించే యంత్రం కట్టాడు. 1912లో స్విట్జర్లాండ్‌కి చెందిన హైన్రిష్ జోలీ నేలలోంచి వేడి తీసే పద్ధతికి పేటెంటు కూడా తీసుకున్నాడు.

తీసుకుంటే ఏమైంది? ఏమీ కాలేదు! బొగ్గు చవగ్గా దొరుకుతుంటే పెరడు తవ్వుకునే వెర్రివాడెవడు?

తవ్వాలన్న బుద్ధి ముందుగా పుట్టింది బొగ్గు లేనివాళ్ళకి. స్విట్జర్లాండ్ వాళ్ళు బొగ్గు బయటినించి తెచ్చుకోవాలి. 1938లో జ్యూరిచ్ నగరసభ పాత భవనానికి పక్కనే పారే లిమ్మాట్ నది నీళ్ళలోంచి వేడి తోడే యంత్రం పెట్టారు. అది అరవై ఏళ్ళకి పైగా పనిచేసింది. 1940లలో అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో రాబర్ట్ వెబ్బర్ అనే ఆయన కథ ఇంకా సరదా అయింది. ఫ్రీజరుతో ఏదో ప్రయోగం చేస్తూ పొరపాట్న దాని గొట్టం ముట్టుకుంటే చెయ్యి చుర్రుమందట. ఇంత వేడి వృథాగా పోతోందా అని ముందు నీళ్ళు కాచుకున్నాడు, తరవాత ఫ్యాను పెట్టి ఇంట్లోకి ఊదాడు, చివరికి రాగి గొట్టాలు భూమిలో పాతాడు. మర్నాటి ఏడు బొగ్గు కొలిమి అమ్మేశాడని చెప్పుకుంటారు. అయినా లోకం కదల్లేదు. ఈసారి చమురు చవకైంది మరి.

స్వీడన్ ఇళ్ళు కూడా అప్పుడు చమురుతోనే వెచ్చబడేవి. 1973లో చమురు ధర ఒక్కసారిగా భగ్గుమంది. అప్పుడు చూశారు వాళ్ళు తమ కాళ్ళకిందికి. 1980ల మొదట్లో వేల ఇళ్ళలో ఈ పంపులు వెలిశాయి. 1986లో చమురు ధర పడిపోగానే మళ్ళీ మోజు తగ్గింది. తెలిసీ తెలియని వాళ్ళు బిగించిన పంపులు చెడిపోయి పేరూ పోయింది. 1990ల తరవాత మంచి యంత్రాలొచ్చి నిలదొక్కుకుంది. ఇప్పుడక్కడ లక్షల ఇళ్ళకి నేలే పొయ్యి.

ఇదంతా విని, "మరి మీరెందుకు ఇన్నాళ్ళూ వేయించలేదు?" అన్నాను.

బావగారు సమాధానం చెప్పలేదు. అక్కయ్యే అంది, "ఈ ఇల్లు కొని పదిహేడేళ్ళయింది. ప్రతి ఏడూ వచ్చే ఏటికి వెళ్ళిపోదాం అనుకున్నాం. వెళ్ళిపోయేవాళ్ళకి బోరెందుకే?"

కెల్విన్ లెక్కకీ మా అక్కయ్య లెక్కకీ తేడా కనిపించలేదు నాకు. ఈ ఏటికి గడిచిపోతే చాలనుకున్నన్నాళ్ళు దేశాలైనా మనుషులైనా నేల తవ్వరు.

యంత్రం సోమవారం వచ్చింది. మన బోరు బండి లాంటిదే, అదే చెవులు చిల్లులు పడే మోత. నాలుగున్నర అంగుళాల కన్నం, 160 మీటర్ల లోతు. బావగారు ఎక్కడ సంపాదించారో కొబ్బరికాయ కొట్టారు. మేస్త్రి మర్యాదగా నిలబడి చూశాడు. బూడిద రంగు రాతి బురద వచ్చి వచ్చి, ఉన్నట్టుండి నీళ్ళు ఎగదన్నాయి.

"నీళ్ళు పడ్డాయే!" అని అక్కయ్య నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కళ్ళలో నీళ్ళు. ఆ క్షణాన అది స్వీడన్ కాదు, నాన్న పొలం గట్టు.

మేస్త్రి కూడా సంతోషించాడు. కన్నం నిండా నీళ్ళుంటే రాతిలో వేడి గొట్టానికి బాగా అందుతుందట. అక్కడ రాయి ఏడెనిమిది డిగ్రీలు. గడ్డకట్టకుండా సారా కలిపిన నీళ్ళు ప్లాస్టిక్ గొట్టంలో కిందికి దిగి, నాలుగు డిగ్రీలు వెచ్చబడి పైకొస్తాయి. తక్కిన పని ఇంట్లో కంప్రెసరుది. సాయంత్రానికి గొట్టం దించి, పైన మూత బిగించేశారు. మూడో రోజుకి ఇల్లు వెచ్చబడింది.

ఆ రాత్రి అక్కయ్యే అమ్మకి ఫోన్ చేసింది. "బోరయిందమ్మా" అని ఊరుకుంది. అటు అమ్మ కూడా కాసేపు మాట్లాడలేదు. ఇంక తిరిగి రారా అని అడుగుతుందేమోనని నేను భయపడుతూనే ఉన్నాను.

"నీళ్ళు పడ్డాయా?" అంది అమ్మ.

"పడ్డాయమ్మా. బోలెడు పడ్డాయి."

"మీ నాన్నుంటే సంతోషించేవాడు" అంది. తరవాత, "ఎండల్లో ఇక్కడ వేగలేకపోతున్నాను. ఆ వెచ్చటి ఇల్లేదో నేనూ చూస్తాను, టిక్కెట్టు పంపించు" అంది.