కడలి మీది ధూళి

వేములవాడ రాజన్నకు కోడెమొక్కు చెల్లించి ఇల్లు చేరిన రైతు ఆషాఢంలో నైరుతి దిక్కుకే చూస్తాడు. మూలవాగు పారాలన్నా, మెట్టచేలో విత్తు మొలవాలన్నా మబ్బు అటునుండియే రావాలి. ఆ మబ్బు వెనుక అరేబియా సముద్రమున్నదని మనకు తెలుసు. ఆ సముద్రం మీది ధూళి లెక్క కూడ వాతావరణ సూచనకు కావలెనంటే వింతగా తోచవచ్చును.

ఎడారి ఇసుకపొడి, పొగ, మసి, అలలు ఎగజిమ్మిన ఉప్పు: గాలిలో తేలే ఈ సూక్ష్మకణాలను శాస్త్రజ్ఞులు ఏరోసాల్‌లంటారు. ఇవి కొంత ఎండను వెనుకకు చిమ్ముతవి, కొంత తామే మింగుతవి. మబ్బులో నీటిబొట్టు కుదురుకొనేది కూడ వీటి మీదనే.

నేల మీద వీటిని ఉపగ్రహంతో కొలవడం కష్టం. ఇసుక, పైరు, బండ, దేని వెలుగు దానిది. సముద్రం అట్లా కాదు. పరారుణ కాంతిలో అది దాదాపు నల్లపలక. పలక మీద సుద్దపొడి వలె దాని మీద ధూళి కనబడుతుంది. 1972లో ఎగిరిన అమెరికా ఉపగ్రహపు చిత్రాలతో గ్రిగ్స్ అనే పరిశోధకుడు 1975లో ఈ కొలత సాధ్యమని చూపినాడు. 1991లో ఫిలిప్పీన్స్‌లోని పినతూబో అగ్నిపర్వతం పేలినప్పుడు, ఆ తెర 21 దినాలలో భూమిని చుట్టివచ్చిన సంగతి ఇట్లే తెలిసినది.

మనకు 1999 ముఖ్యమైన సంవత్సరం. ఆ యేటి తొలి మాసాలలో పలు దేశాల పరిశోధకులు హిందూ మహాసముద్రం మీదికి సాగిన పొగతెరను ఓడలతో, విమానాలతో, ఉపగ్రహాలతో పరిశీలించారు. మే 26న శ్రీహరికోట నుండి ఓషన్‌శాట్ ఎగిరినది. దాని పని సముద్రపు రంగును బట్టి నీటిలోని సన్నని నాచును తెలుపడం. కాని అంత ఎత్తున దానికి చేరే వెలుగులో సుమారు పదింట తొమ్మిది పాళ్లు గాలి పొరదే! అందుచేత ధూళి వెలుగును లెక్కించి తీసివేయడానికై రెండు కాంతిపట్టీలను వేరుగా ఉంచినారు. ఒకరు తూర్పారబట్టిన పొల్లు మరొకరికి గింజ అయినది.

ఎట్లాగంటారా? ధూళి ఎక్కడ లేచి ఎటు పోవునో గణిత నమూనా తానే ఊహిస్తుంది. ఆ ఊహ పూటపూటకు దారి తప్పుతుంది. ఉపగ్రహం కొలత రాగానే రెంటిలో దేని తప్పు ఎంతో తూచి, ఊహను సవరించి, అక్కడినుండి లెక్క మరల మొదలుపెడతారు. అమెరికా నౌకాదళ పరిశోధకులు 2008లో ప్రకటించిన ఇటువంటి పద్ధతి సముద్రాలకే పరిమితం. మబ్బు అంచును, గాలికి లేచిన నురుగు తెలుపును ధూళిగా పొరబడిన కొలతలను ఏరివేయడమే అందులో పెద్ద పని.

ఇక మన రైతు మాట. అరేబియా సముద్రం మీద, పడమటి ఆసియాలో ధూళి హెచ్చిన వారంలోపల మధ్యభారతంలో వాన హెచ్చుతున్నదని వినోజ్ మున్నగువారు 2014లో ప్రకటించారు. ధూళి ఎండను మింగి గాలిని వేడెక్కించగా, తేమగాలులు బలపడతవట. దుమ్ము వానకు పగ అనుకొనే మనకు ఇది క్రొత్త మాటే.

2022 నవంబరు 26న శ్రీహరికోట నుండి ఎగిరిన మూడవ ఓషన్‌శాట్‌కు 13 కాంతిపట్టీలు. అయినను మబ్బు కమ్మిన చోట దాని కంటికీ ధూళి ఆనదు. వానాకాలంలో అరేబియా సముద్రం మీద అటువంటి రోజులే ఎక్కువ.