తారామతి మొదలు ఛాయాగ్రహణము వరకు: అన్నా సాళుంకే నటజీవిత పునర్విమర్శ

భారతీయ చలనచిత్ర చరిత్రను వ్రాయబూనిన వారెల్లరును 1913వ సంవత్సరము కడ నొక్క క్షణమాగి, దాదాసాహెబు ఫాల్కేకు నమస్కరించి, ‘రాజా హరిశ్చంద్ర’లో తారామతి పాత్రకు స్త్రీ దొరకకపోవుటచేత ఆయన బొంబాయి గ్రాంటు రోడ్డులోని యొక హోటలు వంటవానికి చీర కట్టించెనని వేడుకగా చెప్పి, ముందునకు సాగిపోవుదురు. ఆ వంటవాడు అన్నా హరి సాళుంకే. మన దేశపు నిడివిచిత్రములకు ప్రథమ నాయికయు, ఒకే చిత్రమున నాయికానాయకుల నిరువురను ధరించిన ప్రథమ నటుడును, పిమ్మట కెమెరా వెనుక నిలిచి పలు చిత్రములకు ఛాయాగ్రాహకుడును అయిన ఈ మనుష్యునికి మన చరిత్రకారు లిచ్చినది రెండు వాక్యములు. ఆ రెండు వాక్యములును అసత్యములు గావు. కాని వానియందు ధ్వనించు తేలికభావము మాత్రము చరిత్రకు ద్రోహమని నా నిశ్చయము.

ఫాల్కే జీవితము, క్రీస్తు చరిత్ర చిత్రమును చూచి ఆయన పొందిన ప్రేరణ, 1912లో ఆయన చేసిన లండను ప్రయాణము, రవివర్మ చిత్రముల ప్రభావము మున్నగు విషయములు పాఠకులకు సుపరిచితములు గనుక వాని నిచట పునశ్చరణ చేయను. సాళుంకేను గూర్చిన పూర్వరచనలు పెక్కు గలవుగాని, అవి యన్నియు నొక్క వాదమునకు ప్రతిధ్వనులే. ఆ వాదమును అందరికంటె దృఢముగా ప్రతిపాదించిన పండితుని పేరెత్తక, ఆయన పూర్వపక్షమును మాత్ర మిచట నిలిపెదను. ఆయన చూపు హేతువులు మూడు. సాళుంకేకు రంగస్థల శిక్షణ లేదనుట మొదటిది. నెలకు 10 రూపాయల జీతగాడు 15 రూపాయల కాశపడి వచ్చినాడేగాని కళాభిలాషచే రాలేదనుట రెండవది. తెరమీదికి స్త్రీలు వచ్చుటతోడనే ఆయన వేషము విడిచి కెమెరా పట్టినాడు గనుక ఆ నటన కేవలము అవసరకల్పిత మనుట మూడవది. ఈ మూడింటిని కలిపి, సాళుంకే నటుడు గాడనియు, దొరకని స్త్రీకి బదులుగా నిలుపబడిన దేహము మాత్రమే యనియు ఆ పండితుడు తేల్చినాడు.

మొదటి హేతువును పరిశీలింతము. ఆనాటి మరాఠీ రంగస్థలమున స్త్రీపాత్ర యనగా ప్రధానముగా కంఠము. బాలగంధర్వుడని లోకము కొనియాడిన నారాయణరావు రాజహంస ప్రేక్షకులను వశపరచుకొన్నది ముందుగా గానముచేతనే. మూకీచిత్రమున కంఠమునకు పని లేదు. పద్యము లేదు, రాగము లేదు, వన్స్‌మోరు లేదు. కంఠము నమ్ముకొన్న నటుని నుండి కంఠమును తీసివేసినచో మిగులునది ఎంత? ఇందులకు భిన్నముగా, సాళుంకే సుకుమారమైన ముఖరేఖలును, సన్నని చేతులును ఫాల్కే దృష్టి నాకర్షించినవని చరిత్రకారులే వ్రాసియున్నారు. ఇది అందచందముల ముచ్చట గాదు. మాటలేని చిత్రమున చేయియే నాలుక. ఆ రహస్యమును ఫాల్కే ఎరిగియుండెను. కనుకనే నాటక సమాజముల వాకిళ్ళు విడిచి హోటలులో తన తారామతిని కనుగొనగలిగెను. శిక్షణ లేకపోవుట యిచట లోపము గాదు, యోగ్యత.

ఇక నా వాదమునకు ప్రధానాధారమైన చిత్రమునే చూతము. నాలుగు రీళ్ళ ‘రాజా హరిశ్చంద్ర’లో నేడు మనకు మిగిలినవి మొదటిదియు చివరిదియు. మొదటి రీలులో రాజకుటుంబము కనబడును. హరిశ్చంద్రుడు కుమారునకు ధనుర్విద్య నేర్పుచుండగా తారామతి చెంతనుండును. దబ్కే ధరించిన హరిశ్చంద్రునిలో నాటకపు రాజఠీవి యింకను వదలలేదు. ప్రతి కదలికయు వెనుకవరుస ప్రేక్షకునకు తెలియవలెనన్నట్లుండును. సాళుంకే కదలిక అట్టిది గాదు. అది మితము, గృహిణీసహజము. జలక్రీడా దృశ్యమున చెలికత్తెలందరును పురుషులే. తడిసిన చీరలలో వారు నీళ్ళు చిమ్ముకొనుచుండగా వారి దేహముల పురుషత్వము దాగదు. అయినను ఆ గుంపులో రాణి యెవరో వేరుగా చెప్పనక్కరలేదు, నిలుకడవలననే తెలియును. కడపటి రీలులో పుత్రశోకముతో పాటు హత్యానిందను మోయు తల్లి, భర్త ఖడ్గము క్రింద తల వంచును. మాటతో, పద్యముతో, ఏడుపుతో మన నాటకములు గంటసేపు నడుపు ఘట్టమును ఈ నటుడు తల వంచుటతో నడిపెను. పిమ్మట శివుడు ప్రత్యక్షమగుట ఫాల్కే యంత్రచమత్కృతి. దానికి ముందు ప్రేక్షకుని గుండె బిగియుట మాత్రము సాళుంకే పని.

ఇంతకంటె బలవత్తరమైన సాక్ష్యము 1917 నాటి ‘లంకాదహనము’. అందు గణపత్ షిండే హనుమంతుడు. రాముడును సీతయు నిరువురును సాళుంకేయే. పొదుపుకొరకే ఈ ఏర్పాటని పూర్వపక్షి యనును. కాని కథాస్వరూపమును గమనింపుడు. లంకాదహన కథయంతయు వియోగకథ; రాముడొక చోట, సీత యశోకవనమున. వియోగమున నున్న యిరువురకు ఒకే ముఖము నిచ్చుటలో, వారు వేరుగానుండియు నొక్కటే యను మన పురాణరహస్యము ప్రత్యక్షమగుచున్నది. సీతాపాత్రలో సాళుంకే భుజకండరములు కనబడుచునే యుండెననియు, అయినను ప్రేక్షకులకు భక్తిభంగము కలుగలేదనియు పరిశోధకులు చెప్పుదురు. తెరపై రాముడు కనబడగానే జనులు చెప్పులు విడిచి చేతులు మోడ్చిరను ప్రసిద్ధికిని, మదరాసులో వసూలైన నాణెములను ఎద్దుబండ్లపై తరలించిరను వాడుకకును కారణము యంత్రచమత్కృతి మాత్రమేయైన, ఆ మ్రొక్కులు హనుమంతుని తోకకు పోవలసినవి, రామునకు పోయినవి.

జీతమును గూర్చిన రెండవ హేతువునకు సమాధానము సులభము. జీతము పుచ్చుకొన్నవాడు కళాకారుడు గాడనినచో మన సురభి నాటక సమాజములలో కళాకారు లెవ్వరును మిగులరు. ఆ 15 రూపాయలకు ఎట్టి వేషము కొనబడినదో కూడ చూడవలెను. వేశ్యావాటికలలోని స్త్రీలును సినిమా వేషమును నిరాకరించిరి. తండ్రి బ్రతికియుండగా మీసము తీయుట అశుభమని తలంచు నటులను ఒప్పించుటకు ఫాల్కే శ్రమపడవలసివచ్చెను. మీసమున కెంత విలువయో తెలుగువారికి చెప్పనక్కరలేదు. బెజవాడ కళాశాలలో స్త్రీపాత్ర కొరకు మీసము తీయుటకు నిరాకరించి ‘మీసాల నాగమ్మ’ యని పేరొందిన విద్యార్థియే పిమ్మట నందమూరి తారకరామారావు. అందరును కాదన్నదానిని ఔననుట ఆశ గాదు, సాహసము.

మూడవ హేతువు నా దృష్టిలో పూర్వపక్షమునే ఖండించును. సాళుంకే చిత్రరంగమును విడువలేదు. 1920 తరువాతి దశకమున ఛాయాగ్రాహకుడై మూకీయుగాంతము వరకు పనిచేసెను. కెమెరా ముందు నిలిచి వెలుగు ముఖముమీద ఏ వంక పడినప్పుడు దుఃఖము కనబడునో, ఏ వంక పడినప్పుడు మాయమగునో తన దేహముతో నేర్చినవాడు, ఆ విద్యనే కెమెరా వెనుక వినియోగించినాడు. నటన యందు ఆసక్తి లేనివాడు ఇంతకాలము ఆ యంత్రమునకు అంటిపెట్టుకొనియుండునా?

1913లోనే ఫాల్కే తీసిన ‘మోహినీ భస్మాసుర’లో దుర్గాబాయి కామత్, కమలాబాయి అను తల్లీకూతుండ్రు నటించిరనియు, మిగిలిన ‘రాజా హరిశ్చంద్ర’ రీళ్ళు 1917 నాటి పునర్నిర్మాణమునకు చెందినవనియు ఆక్షేపించువారున్నారు గాని, స్త్రీలు వచ్చిన పిమ్మటను సీతాపాత్ర సాళుంకేకే దక్కుటవలనను, రెండు హరిశ్చంద్రులలోను తారామతి ఆయనయే యగుటవలనను నా సిద్ధాంతమునకు హాని లేదు.

తెలుగు పాఠకునకు ఈ చరిత్ర పరాయిది గాదు. మరాఠీవారి తారామతి మన గౌరన ద్విపదలోని చంద్రమతియే. 1921లో స్థానం నరసింహారావుగారు నటజీవిత మారంభించినది హరిశ్చంద్ర నాటకమున చంద్రమతిగానే. కూచిపూడి భాగవతులు తరతరములుగ సత్యభామను పురుషదేహమున నిలిపినారు. స్త్రీవేషమును లోటుగా గాక విద్యగా మన్నించిన జాతి మనది. కనుక సాళుంకేను తూచుటకు తగిన తక్కెడ మనచెంతనే యున్నది. దానిని పడమటి చిత్రచరిత్ర గ్రంథములలో వెదకుట వృథా. ఇంకొక మాట: ‘దానవీరశూరకర్ణ’లో కృష్ణుడును, కర్ణుడును, సుయోధనుడును ఒక్క తారకరామారావేయైనప్పుడు మన ప్రేక్షకులు అబ్బురపడిరేగాని అనుమానింపలేదు. ఆ విశ్వాసమునకు పునాది వేసినది 1917 నాటి రామసీతల యేకముఖమే. భారతీయ చిత్రములలో ద్విపాత్రాభినయమున్న ప్రతిచోటను సాళుంకే అడుగుజాడ కలదు.

కాబట్టి నా నిర్ణయమిది. అన్నా సాళుంకే స్త్రీకి ప్రత్యామ్నాయము గాడు. మూకీనటనకు మన దేశమున ప్రథమాచార్యుడు. ఇకమీద చలనచిత్ర చరిత్రను వ్రాయువారు ఆయన పేరును హోటలు ముచ్చటలో గాక నటుల ప్రకరణమున మొట్టమొదట వ్రాయవలెను. యువపరిశోధకులు ఆయన పట్టిన కెమెరా పనిని, మిగిలినంతలో, చిత్రము వెంట చిత్రముగా పరిశీలింపవలెను.